తాతబ్బాయి ఇంట్లో చామంతి పురుడు

గువ్వలలంకలో తెలివైన ఇల్లు ఏదని ఎవరైనా అడిగితే, పక్కవాళ్ళు నోరు తెరిచేలోపే తాతబ్బాయి చెయ్యెత్తేవాడు. "మాదేనండి, ఆయ్!" అనేవాడు. అడగనివాళ్ళని ఆపి మరీ చెప్పేవాడు.

ఆ ఇంట్లో ఉండేది నలుగురు. తాతబ్బాయి, అతని భార్య నూకరత్నం, తమ్ముడు బుల్లెబ్బాయి, తమ్ముడి భార్య పాపాయమ్మ. నలుగురిదీ ఒకటే పద్ధతి. పెద్దవాళ్ళు ఏ మాట అంటే ఆ మాట, అక్షరం పొల్లుపోకుండా చెయ్యడం. ఓసారి రాజమండ్రి బస్సులో కండక్టరు "ముందుకి జరగండి, ముందుకి జరగండి" అని గోల పెట్టాడు. బస్సంతా విసుక్కుంటూ నిలబడిపోతే, ఈ నలుగురే బుద్ధిగా జరిగారు. జరుగుతూ జరుగుతూ ముందు తలుపులోంచి దిగిపోయి, బస్సుకి ముందు నడవడం మొదలుపెట్టారు. వెనకనుంచి డ్రైవరు హారన్ కొట్టినప్పుడల్లా ఇంకాస్త ముందుకి జరిగారు. అలా ఇల్లు చేరారు.

"చూశావటే, బస్సెడు జనంలో చెప్పిన మాట విన్నది మనమే" అన్నాడు తాతబ్బాయి, కాళ్ళకి నూనె రాసుకుంటూ. నూకరత్నానికి గర్వంతో కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

అదే ఊళ్ళో వరహాలు గారని నర్సరీ ఆయన ఉన్నారు. ఆయన దగ్గర రాగిరేకు అని ఓ రకం చామంతి ఉండేది. లోపల పసుపు, అంచున రాగిచెంబు తోమినట్టు మెరుపు. ఆయన తల్లిగారి చేతి మీదుగా వచ్చిన మొక్క. కిందటేడు గోదారి వరద మడుల మీదుగా పోయింది. ఇంకేముంది, రాగిరేకంతా కొట్టుకుపోయింది. మిగిలినవి నాలుగే నాలుగు కుండీలు. ఆ నాలుగింటి కొమ్మలు కోసి పిల్లమొక్కలు లేపితే ఆ పువ్వు ఉంటుంది. లేదా, ఇక లేదు.

సరిగ్గా అప్పుడే వరహాలు గారికి కంట్లో పొర ముదిరింది. కాకినాడలో ఆపరేషన్. కూతురింట్లో కళ్ళకి కట్టుకట్టుకుని ఉండాలి. మొక్కలు ఎవరికి అప్పగించాలి? ఆయన దగ్గర పనిచేసినవాళ్ళంతా మహా తెలివైనవాళ్ళు. ఒకడు బలమని చెప్పి మొక్కకి మజ్జిగ పోశాడు. ఇంకొకడు త్వరగా పెరుగుతుందని రోజూ చిగురు పట్టుకుని పైకి లాగాడు. ఆయన విసిగిపోయి తాతబ్బాయిని పిలిచారు.

"ఒరేయ్ తాతబ్బాయ్, నాకు సొంత తెలివి వాడనివాళ్ళు కావాలిరా."

"మా ఇంట్లో అస్సలు లేదండి, ఆయ్!" అన్నాడు తాతబ్బాయి ఛాతీ పొంగించి.

"ఇవి తల్లిమొక్కలు. తల్లి బాగుంటేనే పిల్లలు బాగుంటాయి. బయట ఎండ మండిపోతోంది, మీ పాత కోళ్ళగదిలో లైట్లున్నాయిగా, అందులో పెట్టండి. పొద్దుగూకాక కూడా లైట్లు వేసే ఉంచండి. చీకటి పడిందంటే మొక్క నిద్రకి పడి మొగ్గ తొడిగేస్తుంది. మొగ్గ తొడిగితే కొమ్మలు రావు. పురిటాలిని చూసుకున్నట్టు చూసుకోండిరా బాబూ!"

అంతే. తాతబ్బాయి నాలుగు కుండీల్నీ గుండెలకి హత్తుకుని ఒక్కొక్కటే ఇంటికి తెచ్చాడు. తల్లులు కాబట్టి పేర్లు కూడా పెట్టాడు. అమ్మ, పెద్దమ్మ, పిన్ని, అమ్మమ్మ. అమ్మమ్మ కాస్త వంగి ఉంటుంది.

నూకరత్నం కోళ్ళగదిని పురిటిగది చేసేసింది. గుమ్మానికి వేపమండలు కట్టింది. గడప పక్కన పాత చెప్పు పెట్టింది. పూటపూటకీ వాము నీళ్ళు కాచి చల్లార్చి, కుండీల్లో గ్లాసుల కొద్దీ పోసింది. "పురిటాలికి దాహం వెయ్యకూడదు" అని మధ్యమధ్యలో మామూలు నీళ్ళు కూడా పట్టింది. బుల్లెబ్బాయికి అప్పజెప్పిన పని, తల్లుల్ని నిద్రపోనివ్వకుండా చూడటం. వాడు కుండీల ముందు కూర్చుని పొడుపుకథలు వేశాడు, పళ్ళెం వాయించాడు. ఏ ఆకు కాస్త వాలినా "పిన్ని జోగుతోంది!" అని చెవి దగ్గర అరిచాడు. మొక్కకి చెవి ఎక్కడుంటుందో తెలియక నాలుగు వైపులా అరిచాడు. తెల్లారేసరికి వాడి గొంతు పోయింది.

కొన్నాళ్ళకి ఆకుల రంగు మారింది. తాతబ్బాయి కాకినాడ ఫోన్ చేశాడు.

"అయ్యగారూ, అమ్మమ్మ ఒళ్ళంతా పచ్చబడిందండి."

"మీ అమ్మమ్మ పోయి చాలా కాలమైంది కదరా?"

"ఆవిడ కాదండి. కుండీలో అమ్మమ్మ."

"ఓహో, మొక్కా! పచ్చగా ఉందా? శుభం. అలాగే చూసుకోండి."

తాతబ్బాయి తేలికపడ్డాడు. మర్నాడు ఇంకా పచ్చబడింది. మళ్ళీ ఫోన్ చేశాడు. "ఇంకా పచ్చగా ఉందా? మీ చేతిలో ఏదో ఉందిరా!" అన్నారు వరహాలు గారు సంబరపడుతూ. ఇంట్లో అందరూ చేతులు తిప్పి చూసుకున్నారు. ఏమీ కనపడలేదు. ఆ మర్నాడు ఆకులు రాలడం మొదలుపెట్టాయి.

"పచ్చగా అయి రాలుతున్నాయండి" అన్నాడు తాతబ్బాయి.

"తాతబ్బాయ్, ఏ పచ్చరా? చిలక పచ్చా, పసుపు పచ్చా?"

"అరటిపండు పచ్చండి."

"ఓరి నాయనో! నీళ్ళెన్ని పోస్తున్నార్రా?"

"అడిగినన్ని పోస్తున్నామండి. వద్దని ఒక్కసారీ అనలేదండి తల్లులు."

"వేళ్ళు తడిలో నానిపోతున్నాయిరా! అలా నానితే వేళ్ళు కుళ్ళిపోతాయి. ముందు వేళ్ళు ఆరనివ్వండి. నేను చెప్పేదాకా చుక్క నీరు తగలకూడదు!"

తాతబ్బాయి ఫోన్ పెట్టేసి తన వేళ్ళ వంక చూసుకున్నాడు. "పాపాయమ్మా, బట్టలుతుకుతున్నావా? వేళ్ళేవీ, చూపించు!"

పాపాయమ్మ చేతులు చాపింది. నీళ్ళలో నాని నాని వేళ్ళ చివరలు ముడతలు పడి ఉన్నాయి.

"అయిపోయింది" అన్నాడు తాతబ్బాయి. "మొదలైపోయింది. తమ్ముడూ, నీవి?"

బుల్లెబ్బాయి అప్పుడే నూతి దగ్గర ఒళ్ళు తోముకుని వచ్చాడు. వాడివీ అంతే. పాపాయమ్మ ఘొల్లుమంది. కళ్ళు తుడుచుకోబోతే నూకరత్నం చెయ్యి పట్టుకుని ఆపేసింది. "ఏడిస్తే ఏడువు, కానీ తుడుచుకోకే తల్లీ, తడి తగులుతుంది!"

ఇంకేముంది, నలుగురూ వాకిట్లో ఎండలో బారుగా నిలబడి రెండు చేతులూ పైకెత్తి వేళ్ళు ఆరబెట్టుకున్నారు. సైకిల్ మీద వెళ్తున్న పాలాయన, ఇంట్లో దొంగలు దూరి తుపాకీ గురిపెట్టారనుకుని, తన చేతులు కూడా పైకెత్తేశాడు. సైకిల్ కాలవలో పడింది. ఆ రోజు నుంచి ఇంట్లో ఎవరూ నీళ్ళు ముట్టలేదు. అన్నం మానేసి అటుకులు, మరమరాలు, వేయించిన శనగలు తిన్నారు. గిన్నె కడగలేదు, ముఖం కడగలేదు. కుండీల్లో నీళ్ళు పోసే మాటే లేదు, పోస్తే వేళ్ళు తడుస్తాయి కదా.

అంతే, తల్లులు బాగుపడ్డాయి! మట్టి ఆరింది, పసుపు ఆగింది, పిన్నికి రెండు కొత్త చిగుళ్ళు వచ్చాయి.

"వేళ్ళు ఆరాయా?" అని వరహాలు గారు ఫోన్ చేశారు.

"ఎండు మిరపకాయల్లా ఉన్నాయండి" అన్నాడు తాతబ్బాయి. "అయ్యగారూ, మీరు కట్టు కట్టుకుని కూర్చునే మా వేళ్ళ సంగతి కనిపెట్టేశారండి. మామూలు మనిషి కాదండి మీరు."

ఆయనకి అర్థం కాలేదు. "సరే సరే, ఇక కొంచెం కొంచెం నీళ్ళు తగలనివ్వచ్చు" అన్నారు. నలుగురూ ఆ సాయంత్రమే స్నానాలు చేశారు. వీధంతా ఊపిరి పీల్చుకుంది.

ఆ సంతోషం ఎంతోకాలం నిలవలేదు. ఈసారి అమ్మమ్మ చిగుళ్ళ నిండా నల్లగా ఆవగింజల్లాంటివి పాకుతూ కనిపించాయి. చిగుళ్ళు ముడుచుకుపోతున్నాయి.

"పేనుబంక పట్టిందిరా" అన్నారు వరహాలు గారు.

"పేలా!" అంది నూకరత్నం, సిగ్గుతో ముక్కు మీద వేలేసుకుని. "మన ఇంట్లో తల్లికి పేలు పట్టాయని తెలిస్తే నలుగురూ ఏమనుకుంటారు?" తలుపు వేసేసి, పేలదువ్వెన తీసి, అమ్మమ్మని ఒళ్ళో కూర్చోబెట్టుకుని దువ్వింది. సగం పేలు రాలాయి. సగం ఆకులు కూడా రాలాయి.

తాతబ్బాయి ఆ సంగతి చెప్పగానే వరహాలు గారు మంచం మీద లేచి కూర్చున్నారు. "దువ్వడమేమిట్రా! నర్సరీలో వేపనూనె మందు సీసా ఉంది, అది తెచ్చి కొట్టండి. పైపైన కాదు, ఆకుల అడుగున కూడా పడేట్టు గట్టిగా కొట్టాలి!"

బుల్లెబ్బాయి తల గోక్కున్నాడు. "అన్నయ్యా, మందు కొట్టడమంటే సెంటర్లో కల్లుపాక దగ్గర..."

"నోర్ముయ్!" అన్నాడు తాతబ్బాయి. "వరహాలు గారు అలాంటి మాట చెప్తారా? కొట్టమన్నారు. కొట్టడమంటే కొట్టడమే."

సీసా తెచ్చి పురిటిగది మధ్యలో పీట మీద పెట్టారు. చుట్టూ నాలుగు కుండీలూ పేర్చారు. తాతబ్బాయి రోకలి అందుకున్నాడు. పాపం సీసా చేసిన తప్పేమిటో తెలియక మొదట నెమ్మదిగా ఒకటి వేశాడు. సీసా పక్కకి దొర్లింది.

"గట్టిగా అన్నారు కదండీ బావగారూ" అని గుర్తు చేసింది పాపాయమ్మ.

తాతబ్బాయి కళ్ళు మూసుకుని బలమంతా పెట్టి రోకలి దింపాడు. ఢామ్! సీసా పేలింది. మూత వెళ్ళి దూలానికి తగిలింది. వేపనూనె చిమ్మి గోడల మీద, లైట్ల మీద, బుల్లెబ్బాయి తెరిచిన నోట్లో, కుండీల మీద పడింది. ఆకుల పైనా పడింది, అడుగునా పడింది. అంత చక్కగా పంపుతో కొట్టినా పడదు. మర్నాటికి పేనుబంక మాయం. ఆ నెలంతా ఆ ఇంట్లో కాఫీ కూడా చేదే. అయినా తాతబ్బాయి లెక్కచెయ్యలేదు. "ఒక్క దెబ్బకి చచ్చాయి" అని వీధి వీధీ తిరిగి చెప్పాడు.

తల్లులు నాలుగూ ఏపుగా తేరుకున్నాయి. కొమ్మలు గుబురుగా వచ్చాయి. కట్టు విప్పడానికి ఇంకా కొంత కాలం పడుతుందన్నారు డాక్టర్లు. వరహాలు గారు ఆగలేకపోయారు.

"ఇక కొమ్మలు కోసెయ్యండ్రా. కత్తి నిప్పుల్లో కాల్చండి, లేకపోతే తెగులు అంటుతుంది. సరిగ్గా కన్ను కింద కొయ్యాలి, గుర్తుందిగా? కోసిన పిల్లల్ని తడి ఇసక పోసిన తొట్టిలో పెట్టండి."

కత్తిని పొయ్యిలో పెట్టి బాగా కాల్చారు. పిడి చెక్కది కావడంతో బూడిదైపోయింది. మిగిలిన ముక్కని గుడ్డతో పట్టుకున్నారు. కన్ను కింద కొయ్యడం మాత్రం కష్టమైంది. ఎవరి కన్ను అన్నది వరహాలు గారు చెప్పలేదు. కుటుంబ పెద్ద కాబట్టి తాతబ్బాయే ముందుకొచ్చాడు. నూకరత్నం కుండీని అతని గడ్డం దాకా ఎత్తి పట్టుకుంది. బుల్లెబ్బాయి ఒక్కో కొమ్మనీ అన్నయ్య కంటి కిందకి తెచ్చి, చెంప మీద గాటు పడకుండా కోశాడు. ఆకు మొదట్లో ఉండే కన్ను గురించి వాళ్ళకేం తెలుసు? కానీ కొమ్మ అంత దగ్గరగా చూస్తూ కోసేసరికి కోత తిన్నగా వచ్చింది.

"పెద్దమ్మకి నొప్పేసిందేమో" అన్నాడు తాతబ్బాయి. చేత్తో ఆ కుండీని నిమిరాడు.

పాపాయమ్మ అటక మీంచి తొట్టి దింపింది. బుల్లెబ్బాయి పుట్టినప్పటి ఉయ్యాల తొట్టి అది. గంటలు కూడా ఉన్నాయి. అందులో తడి ఇసక పోసి పిల్లల్ని వరసగా గుచ్చి, దూలానికి వేలాడదీసి ఊపారు. ఊపినప్పుడల్లా ఇసక జారింది, పిల్లలు పక్కకి వాలాయి. వాలితే, నిద్రొస్తోందేమోనని ఇంకా ఊపారు. బారసాల కూడా చేద్దామనుకున్నారు గానీ అన్ని పేర్లు దొరక్క ఆగిపోయారు.

ఆ రోజు ఫోన్లో గంటల చప్పుడు విని వరహాలు గారు "ఏమిట్రా అది?" అన్నారు. సంగతి విని ఆయన ఏడ్చినంత పని చేశారు. "ఊపకండ్రా! మీ కాళ్ళకి మొక్కుతాను, తొట్టి కింద పెట్టి కదపకుండా వదిలెయ్యండి!"

అంతే, తొట్టి కిందకి దింపారు. అందరూ మునివేళ్ళ మీద నడిచారు. ఇంట్లో తుమ్మడం కూడా మానేశారు.

మరికొన్నాళ్ళు గడిచాయి. అప్పుడు వచ్చింది అసలు కష్టం.

"ఏరా తాతబ్బాయ్, వేరు పడిందా?" అని అడిగారు వరహాలు గారు.

తాతబ్బాయి తెల్లబోయాడు. "లేదండి. మా ఇంట్లో ఎప్పుడూ పడలేదండి."

"అలా అంటే ఎలారా? వేరు పడి తీరాలి. వేరు పడకపోతే ఆ పిల్లలు బతకవు. ఈ పాటికే పడాల్సింది. ఈ వారంలో పడకపోతే ఆ పువ్వు మీద ఆశ వదులుకోవడమే" అన్నారు ఆయన. గొంతులో బెంగ తెలుస్తోంది.

తాతబ్బాయి ఫోన్ పక్కన పెట్టి అరుగు మీద కూలబడ్డాడు. నూకరత్నం పరుగెత్తుకొచ్చింది. "ఏమైందయ్యా?"

"మేం వేరు పడాలటే. నేనూ, తమ్ముడూ. లేకపోతే పిల్లలు చచ్చిపోతాయట."

ఆ ఇంట్లో అన్నదమ్ములు ఏనాడూ మాటా మాటా అనుకున్నవాళ్ళు కారు. ఒకే కంచంలో ముద్ద కలుపుకున్నవాళ్ళు. బుల్లెబ్బాయి పొగిలి పొగిలి ఏడ్చాడు. "నాన్న పోతూ పోతూ కలిసుండమన్నాడు కదన్నయ్యా. నాన్న మాట వినాలా, వరహాలు గారి మాట వినాలా?"

తాతబ్బాయి ఆ పూట అన్నం తినలేదు. ఒకపక్క నాన్న, ఒకపక్క తొట్టిలో పిల్లలు. తన చేతుల్తో నిమిరిన తల్లుల పిల్లలు. చాలాసేపు ఆలోచించాక అతని ముఖం వెలిగింది.

"తమ్ముడూ, రెండు మాటలూ విందాం. మనిద్దరం కలిసి వేరు పడదాం!"

కలిసి ఇటుకలు మోశారు. కలిసి మట్టి తొక్కారు. ఇంటికి సరిగ్గా మధ్యగా గోడ లేపారు. ఒకడు ఇటుక అందిస్తే ఒకడు పేర్చాడు, ఇద్దరూ ఏడ్చారు. ఏడుస్తూనే "తాడు సరిగ్గా పట్టుకోరా, గోడ వంకర పోతుంది" అనుకున్నారు. తోడికోడళ్ళు గోడకి చెరోవైపూ నిలబడి కొంగులు నోట్లో కుక్కుకున్నారు. "అక్కా, ఉప్పు డబ్బా నీ వైపు ఉండిపోయింది" అంది పాపాయమ్మ. "పప్పు నీ వైపు ఉండిపోయిందే" అంది నూకరత్నం. పొయ్యి అటు, కట్టెలు ఇటు. వీధిగుమ్మం తమ్ముడి వాటాకి పోయింది. తాతబ్బాయి వాటాకి ఓ కిటికీ మిగిలింది. తల్లులు కూడా పంపకమయ్యాయి. అమ్మా, అమ్మమ్మా అన్నకి. పెద్దమ్మా, పిన్నీ తమ్ముడికి.

తొట్టిని మాత్రం పంచడానికి ఎవరికీ మనసొప్పలేదు. గోడ దుమ్ము పడుతుందని దాని మీద తడిగోనె కప్పి, కోళ్ళగది మూలన వదిలేశారు. ఆ దుఃఖంలో దాని వంక మళ్ళీ ఎవరూ చూడలేదు. గోనె ఆరినప్పుడు మాత్రం ఎవరో ఒకరు కాసిని నీళ్ళు చిలకరించి, ముఖం తిప్పుకుని వచ్చేసేవాళ్ళు.

వారం తిరిగేసరికి కాకినాడ నుంచి ఫోన్.

"వేరు పడిందా?"

"పడిందండి" అన్నాడు తాతబ్బాయి వెక్కుతూ.

"ఏడుస్తావేంరా పిచ్చోడా, శుభవార్త కదా! ఎంత పొడుగుంది?"

"ఎత్తయితే ఆరడుగులండి."

"ఆరడుగుల వేరా! తెల్లగా ఉందా?"

"ఇంకా సున్నం వెయ్యలేదండి. మట్టి రంగుగానే ఉంది."

"సున్నమేమిటి... సరే, ఎక్కణ్ణుంచి బయల్దేరింది?"

"వంటింట్లోంచి బయల్దేరి వీధిగుమ్మం పక్క దాకా వచ్చిందండి. దాటాలంటే కిటికీలోంచి దూకాల్సి వస్తోంది."

వరహాలు గారి చేతిలో ఫోన్ జారింది. నలభయ్యేళ్ళుగా నర్సరీ చేస్తున్నారు, ఇల్లంతా పాకిన చామంతి వేరు ఆయన ఎన్నడూ వినలేదు. అదృష్టవశాత్తూ ముందురోజే కట్టు విప్పారు. నల్లకళ్ళద్దాలు పెట్టుకుని, కూతురు వద్దంటున్నా వినకుండా బస్సెక్కేశారు.

ఆయన వచ్చేసరికి తాతబ్బాయి కిటికీలోంచి సగం బయటికొచ్చి ఇరుక్కుని ఉన్నాడు. కాళ్ళు వీధిలో, తల ఇంట్లో. ఆయన ఆ కాళ్ళకే నమస్కారం పెట్టబోయి ఆగి, లాగి బయటికి తీశారు.

"ఏదిరా వేరు?"

"అదిగోనండి" అని గోడ చూపించాడు తాతబ్బాయి. గోడ అవతల్నుంచి బుల్లెబ్బాయి కూడా "ఇదేనండి!" అని అరిచాడు.

వరహాలు గారు గోడ వంక చూశారు. కళ్ళద్దాలు తీసి మళ్ళీ చూశారు. అప్పుడు సంగతి ఒక్కొక్కటే బోధపడింది. గబగబా కోళ్ళగదిలోకి వెళ్ళి మూలన ఉన్న తొట్టి మీది గోనె ఎత్తారు.

పిల్లలన్నీ నిటారుగా నిలబడి ఉన్నాయి. నెత్తిన చిన్న చిన్న కొత్త ఆకులు. ఆయన చూపుడువేలితో ఇసక కదిపి ఒక మొక్కని నెమ్మదిగా ఎత్తారు. అడుగున తెల్లటి వేళ్ళు, మల్లెపూల దారం చిక్కుపడినట్టు. ఆయన కళ్ళు తడిశాయి. ఆయన తల్లిగారి పువ్వు బతికింది.

"ఇదిరా వేరంటే" అన్నారు.

తాతబ్బాయి వంగి చూశాడు. చాలాసేపు చూశాడు. "ఇదా! ఇంత సన్నదానికి మాతో అంత గోడ ఎందుకు కట్టించారండి?"

ఆ మాటకి వరహాలు గారు నవ్వారో ఏడ్చారో తెలియలేదు. "పడగొట్టండ్రా, ఇప్పుడే పడగొట్టండి!" అన్నారు. ఇంకేముంది, అన్నదమ్ములు చెరోవైపు నుంచీ గునపాలతో పొడిచారు. మధ్యలో కంత పడగానే ముందు బుల్లెబ్బాయి తల దూర్చాడు. తాతబ్బాయి ఆ తలనే కావలించుకుని, మిగతా గోడ పడేదాకా వదల్లేదు.

ఇక మిగిలింది నాటడమే. వరహాలు గారు నర్సరీలో కొత్త మడి కట్టించి, మట్టి గుల్ల చేయించారు. "నాలుగు చినుకులు పడగానే ఈ పిల్లల్ని మడిలో నాటెయ్యండ్రా" అని చెప్పి, కంట్లో చుక్కలు వేసుకోవడానికి ఇంటికి వెళ్ళారు.

మేఘం పట్టింది. నలుగురూ పిల్లల్ని బుట్టల్లో పెట్టుకుని మడి దగ్గర కూర్చున్నారు. మొదటి చినుకు తాతబ్బాయి ముక్కు మీద పడింది. "ఒకటి!" అన్నాడు. అంతే, మిగతావన్నీ ఒక్కసారే కురిశాయి.

"ఎన్నయ్యాయి?"

"నాలుగు దాటిపోయాయన్నయ్యా! బోలెడు పడ్డాయి!"

"అయితే నాటకూడదు. నాలుగన్నారు." తడిసి ముద్దయి ఇంటికెళ్ళారు. మర్నాడూ అంతే. ఆ పై వానకీ అంతే. బుట్టల్లో పిల్లలు సన్నగా సాగి నీరసిస్తున్నాయి. తాతబ్బాయికి మనసు మనసులో లేదు. ఇన్ని గండాలు గట్టెక్కి, వాన లెక్క తప్పి చచ్చిపోతాయా? జీవితంలో మొదటిసారి తనకి తానుగా ఓ ఉపాయం ఆలోచించాడు.

ఆ సాయంత్రం వాన మొదలయ్యే ముందే ధాన్యం మీద కప్పే పెద్ద బరకం తెచ్చారు. నలుగురూ నాలుగు మూలలు పట్టుకుని మడి మీద గొడుగులా ఎత్తి నిలబడ్డారు. బరకానికి బుల్లెబ్బాయి వైపు ఓ చిల్లుంది. వాన దంచింది. చిల్లులోంచి ఒక చినుకు మడిలో పడింది.

"ఒకటి" అన్నాడు తాతబ్బాయి. "రెండు... మూడు... నాలుగు! ముయ్యరా!"

బుల్లెబ్బాయి నెత్తితో చిల్లు మూసేశాడు.

"సరిగ్గా నాలుగే! నాటండి!" అన్నాడు తాతబ్బాయి.

ఎవరూ కదల్లేదు. "ఎవరు నాటాలండీ?" అంది నూకరత్నం. "అందరం పట్టుకునే ఉన్నాం కదా."

"నువ్వు వదులు."

"వదిలితే అయిదోది పడుతుంది."

అలాగే నిలబడ్డారు. చేతులు పీకుతున్నాయి. బరకం మధ్యలో నీళ్ళు చేరి బానకడుపులా కిందకి జారింది. అంతలో వరహాలు గారు గొడుగు వేసుకుని వచ్చారు. సంగతి అడిగారు, విన్నారు. ఆయనకిప్పుడు ఆశ్చర్యపోయే ఓపిక కూడా లేదు. గొడుగు పక్కన పడేసి, బరకం కిందకి దూరి, బురదలో చతికిలబడి, ఒక్కొక్క పిల్లనీ తన చేత్తోనే నాటుకుంటూ పోయారు. అన్నీ అయ్యాక నడుం పట్టుకుని, ఉన్నచోటే కూర్చుని చెప్పారు.

"ఒరేయ్, జాగ్రత్తగా వినండి. ఈ మడిలో ఉన్నదాన్ని దేన్నీ వారం దాకా కదపకూడదు. తెలిసిందా? అమ్మయ్య. ఇక వదిలెయ్యండి."

వదిలేశారు.

మొక్కల వైపు వెదురుకర్రలు పాతి ఉండబట్టి బరకం వాటి మీద ఆగింది. పిల్లలకి ఏమీ కాలేదు. అన్నీ బతికాయి, ఆ ఏడు గువ్వలలంకలో రాగిరేకు లేని వాకిలి లేదు. కానీ అదంతా తర్వాతి మాట. ఆ సాయంత్రం మాత్రం బరకంలోని నీళ్ళన్నీ ఒక్కసారిగా వరహాలు గారి మీదే దిగాయి. ఆ బరువుకి ఆయన నడుం దాకా బురదలోకి కూరుకుపోయారు. పైన బరకం కప్పేసింది.

"ఒరేయ్! నన్ను లాగండ్రా! బయటికి లాగండ్రా!" అని లోపల్నుంచి కేకలు.

బుల్లెబ్బాయి చెయ్యి పెట్టబోయాడు. తాతబ్బాయి వాడి చెయ్యి మీద ఒక్కటి వేశాడు. "కదపకురా! వారం దాకా కదపకూడదన్నారు. ఆయనా మడిలోనే ఉన్నారు కదా!"

"అయ్యో, నిజమే అన్నయ్యా" అని బుల్లెబ్బాయి వెనక్కి తగ్గాడు.

నూకరత్నానికి మాత్రం పాపం జాలేసింది. వంగి, బరకం అంచు కొంచెం పైకెత్తి, మెల్లగా అడిగింది.

"అయ్యగారూ, తమకి నీళ్ళు పొద్దున పొయ్యమంటారా, సాయంత్రం పొయ్యమంటారా?"